లేని మత్తు

మస్కట్,
9 జూన్ 2002

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వూ, వదినా, నా గ్రేసూ ప్రభువు రెక్కల చాటున చల్లగా ఉన్నారని తలుస్తూ రాస్తున్నాను. మన అంబాజీపేట సూరయ్య నిన్న సాయంత్రం మా నర్సుల హాస్టల్ గేటు దగ్గర కారు ఆపి, నువ్వు పంపిన సంచి ఇచ్చి వెళ్లాడు. వాళ్ల అరబ్బు యజమాని పిల్లల్ని ట్యూషనులో దింపి వచ్చాడట, నిలబడి రెండు మాటలు మాట్లాడే తీరిక కూడా లేదు పాపం. వదిన పెట్టిన కొత్త మాగాయ సీసా పగలకుండా చేరింది. నా గదిలో ఉండే మలయాళీ పిల్ల అప్పుడే సగం తినేసింది.

మందులు కూడా అందాయి. నీ మందుల షాపు నుంచి నాలుగు నెలలకు సరిపడా పంపావు, ఇంక దిగులు లేదు. మార్చిలో సెలవుకు వచ్చినప్పుడు నా మెడ మీద నిమ్మకాయంత ఉన్న గడ్డ ఇప్పుడు రేగుపండంత కూడా లేదు. అమలాపురంలో కాశీవిశ్వనాథం డాక్టరుగారు అది టీబీ గడ్డ అని చెప్పిన రోజు నువ్వు షాపులో కూలబడిపోయావు గుర్తుందా, ఇప్పుడు చూస్తే నవ్వుతావు. ఎర్ర క్యాప్సూలు పొద్దున్నే పరగడుపున మింగుతున్నాను. ఆయన ముందే చెప్పినట్టు మూత్రం కుంకుమ కలిపిన నీళ్లలా వస్తోంది. తెలుసు కాబట్టి సరిపోయింది, లేకపోతే గుండె ఆగేది.

ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఊపిరితిత్తుల ఎక్సురే శుభ్రంగా ఉంది కనుక తిరిగి డ్యూటీలో చేర్చుకున్నారు. మందులేమైనా వాడుతున్నావా అని అడిగితే లేదన్నాను. ఇది అంటుకునే రకం కాదని డాక్టరుగారు చెప్పారు కాబట్టే ఆ అబద్ధం ఆడగలిగాను. అయినా మనసులో ముల్లులా ఉంది.

రాత్రిళ్లు మెడ నరం లాగుతుంది, నిద్ర పట్టదు. మా వార్డులో ఆపరేషన్ అయినవాళ్లకు ఒక్క ఇంజెక్షన్ చేస్తే ఎంత హాయిగా పడుకుంటారో! వాళ్లను చూస్తే అసూయగా ఉంటుంది.

గ్రేసు జడలు వదినే వేస్తోందా? దాన్ని ఒకసారి నాకు రాయమను.

నీ చెల్లెలు,
రెబెకా


అంబాజీపేట,
24 జూన్ 2002

చి. రెబెకాకు అన్నయ్య ఆనందరావు దీవించి రాయునది. (మీ రాహేలు వదిన పక్కనే కూర్చుని ఏం రాస్తున్నానా అని చూస్తోంది.)

నీ ఉత్తరం చేరింది. గడ్డ తగ్గుతోందని చదివి మీ వదిన మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసింది. నేను మాత్రం పక్క షాపు దాకా వెళ్లి టీ తాగి వచ్చాను. నాకు కన్నీళ్లు వస్తే రాహేలు ఎగతాళి చేస్తుంది.

ఇక్కడ వాన మొదలైంది. కొబ్బరి లారీలు రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయి మూడు రోజులుగా షాపు ముందు ఒకటే హారన్లు. ఎండు కొబ్బరి తడిసిందని వ్యాపారులు దేవుణ్ణి కూడా తిడుతున్నారు. గ్రేసు నాలుగో తరగతిలో చేరింది. ఆదివారం బడిలో పాట పాడితే పాస్టరుగారు మళ్లీ పాడించారు. వాళ్ల నాన్న గొంతే వచ్చింది దానికి. అతను పోయి మూడేళ్లైనా ఆ గొంతు మన ఇంట్లో ఉంది, అది చాలు.

రెబెకా, ఒక్క మాట. మాత్ర ఒక్క పూట కూడా మానకు. మానితే జబ్బు మొండికేస్తుందని డాక్టరుగారు మళ్లీ మళ్లీ చెప్పారు. ఇంకో మాట, టీబీ అన్న ముక్క ఎవరి చెవినా పడకూడదు. అక్కడి వాళ్లు ఏ రకమని అడగరు, టిక్కెట్టు చేతిలో పెడతారు. ఇక్కడి వాళ్లూ అంతే. గ్రేసుతో కలిసి ఎవరి పిల్లా అన్నం తినదు. ఎవరడిగినా రక్తం తక్కువని చెప్పు.

ఫోనులో ఈ సంగతులు వద్దు. మన ఎస్టీడీ బూతు కుర్రాడి కన్నా వాళ్లమ్మ ఎక్కువ వింటుంది.

నిద్ర పట్టడం లేదన్నావు. గోరువెచ్చని పాలు తాగు. వేరే ఆలోచనలు పెట్టుకోకు.

నీ మేలు కోరే,
అన్నయ్య


మస్కట్,
11 జూలై 2002

అన్నయ్యా,

క్షేమ సమాచారాలు రాసే స్థితిలో లేను. నేను పనిలో లేను. గదిలో కూర్చున్నాను. నా పాస్‌పోర్టు ఆసుపత్రివాళ్లు తీసి పెట్టుకున్నారు.

పోయిన వారం మా వార్డు మందుల బీరువాలో మార్ఫిన్ ఇంజెక్షన్ సీసాలు లెక్కకు తగ్గాయి. నల్లమందు జాతి మందు అది, నీకు తెలుసు. తాళం మా నర్సుల దగ్గరే తిరుగుతుంది కనుక అందరినీ వరసలో నిలబెట్టి మూత్రం పరీక్షకు తీసుకున్నారు. పొద్దున్న మాత్ర మింగి రెండు గంటలు కూడా కాలేదు, నాది ఎర్రగా ఉంది. ల్యాబు పిల్ల నా మొహం చూసింది. బీట్‌రూట్ తిన్నానన్నాను. మందులేమైనా వాడుతున్నావా అని అడిగింది. ఏమీ లేవన్నాను.

మర్నాడు మేట్రన్ గదికి పిలిచారు. రెండేళ్లుగా నన్ను ‘మై డాటర్’ అని పిలిచే మనిషి కూర్చోమని కూడా అనలేదు. అందరిలోనూ నా ఒక్కదాని మూత్రంలోనే నల్లమందు కనబడిందట. “సీసాలు నువ్వే తీశావా?” అని అడిగారు. లేదన్నాను. “మరి ఇది ఎక్కడి నుంచి వచ్చింది?” అన్నారు. తెలియదన్నాను, అన్నయ్యా. పోలీసులకు చెప్పాలా వద్దా అన్నది పైవాళ్లు ఆలోచిస్తున్నారు. ఇక్కడ మత్తుమందు కేసంటే ఏమవుతుందో సూరయ్యను అడిగితే చెప్తాడు.

మూడు రాత్రులు ఆలోచించాను. నేను తిన్నదీ తాగిందీ అందరం తిన్నదే. వేరుగా నా ఒంట్లోకి వెళ్తున్నది నువ్వు పంపిన మాత్రలొక్కటే. కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పు. అవి ఎప్పుడూ కొనే చోటే కొన్నావా? కాకినాడ నుంచి వచ్చే ఆ చవక ఏజెంటు దగ్గర తీసుకోలేదు కదా? వాటిలో ఏమైనా కలిసి ఉంటుందా? దారిలో సంచి ఎవరి చేతుల్లోకైనా వెళ్లిందా?

నాకు ఇక్కడ నమ్మేవాళ్లు లేరు. నిజం రాయి.

రెబెకా


అంబాజీపేట,
27 జూలై 2002

చెల్లమ్మా,

నీ ఉత్తరం చదివి షాపు మూసేసి ఇంటికి వచ్చాను. పండగపూట కూడా నేను షాపు మూయనని నీకు తెలుసు.

ముందు నీ ప్రశ్నకు జవాబు. ఆ మాత్రలు అసలువి. నాన్నగారి పేరు మీద ఉన్న షాపులో, సొంత చెల్లెలికి, ఊరూ పేరూ లేని సరుకు పంపుతానా? ఎవరో పరాయి మనిషి అడిగితే దులిపేసుకునేవాణ్ణి. నువ్వు అడిగావు. మిగిలిన మాత్రలు పట్టుకుని అమలాపురం వెళ్లాను. కాశీవిశ్వనాథం గారు అటూ ఇటూ తిప్పి చూసి, “మాత్ర మంచిదేనండి ఆనందరావుగారూ. దీనికీ నల్లమందుకీ చుట్టరికం ఉందని నేనెక్కడా చదవలేదు. విశాఖపట్నంలో మా క్లాస్‌మేటు పాఠాలు చెప్తున్నాడు, రాసి కనుక్కుంటాను” అన్నారు.

అంటే తప్పు మాత్రలో లేదు. అది తేలిపోయింది.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను, నువ్వూ కోపం తెచ్చుకోకు. నీ పాత ఉత్తరం మళ్లీ తీసి చదివాను. నొప్పితో నిద్ర లేదన్నావు. ఆ ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లను చూస్తే అసూయ అన్నావు. అమ్మా, దిక్కులేని చోట, నొప్పితో, ఒంటరిగా ఉన్న మనిషి ఒక్కరోజు తూలిపోవచ్చు. నేను నిన్ను ఒక్క మాట అనను. చేశానని నాకొక్కడికి చెప్పు. చెప్తే ఏం చెయ్యాలో ఆలోచిద్దాం. పాస్టరుగారికి చెప్పి ప్రార్థన చేయిస్తున్నాను.

టీబీ సంగతి మాత్రం అక్కడ బయటపెట్టకు. ఉన్న నింద చాలదా? మందు సంగతి దాచావని ఇంకో నేరం కడతారు. నేను చెప్పిన మాట విను.

మీ వదిన రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. నువ్వు అలాంటి పని చేసి ఉండవని అంటుంది. నేను మాత్రం చేశావని అన్నానా? అడిగానంతే.

అన్నయ్య


మస్కట్,
10 ఆగస్టు 2002

ఆనందరావుగారికి,

ఇలా పిలిస్తే నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఉండనీ.

నీ ఉత్తరం కన్నా రెండు రోజుల ముందు సూరయ్య వచ్చాడు. గేటు బయట తల వంచుకుని నిలబడ్డాడు. ఇంటికి ఫోను చేస్తే వాళ్లావిడ చెప్పిందట. మన సంఘంలో ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు లేచి, గల్ఫులో మత్తుకు బానిసైన మన సహోదరి రెబెకా విడుదల కోసం ప్రార్థిద్దాం అన్నారట. నువ్వు ముందు వరసలో తల వంచుకుని ‘ఆమేన్’ అన్నావట. గ్రేసు పిల్లల చాప మీద కూర్చుని ఉందట.

“సిస్టరుగారూ, మీ గురించి నేను నమ్మలేదండి. మరి అన్నగారే సెప్పేరంటే ఏవనాలో తెలీలేదండి” అన్నాడు సూరయ్య.

అతనికి నేను ఏమవుతాను? సంచులు మోసే దారి పరిచయం. అతను నమ్మలేదు.

నేను మార్ఫిన్ తీసుకోలేదు. ఇదే నీకు నేను చెప్పే ఆఖరుసారి. నిద్రపోయేవాళ్లను చూసి అసూయపడ్డానంటే నాకు నిద్ర కావాలని అర్థం. నువ్వు దానికి వేరే అర్థం తీశావు. నేను నీ షాపును అనుమానించాను, నిజమే, తప్పే. కానీ నిన్ను ఒక్కణ్ణే, కవరు అంటించి అడిగాను. నువ్వు ఊరందరి ముందూ అడిగావు.

ఇక నీ సలహా నేను వినలేదు. ఎందుకో, ఏం జరిగిందో రాస్తాను.

పోలీసుల దాకా వెళ్లే ముందు ల్యాబు పెద్ద డాక్టరమ్మ ఒకసారి నాతో మాట్లాడతానన్నారు. సూడాన్ దేశం ఆవిడ, తల నెరిసింది, మెల్లగా మాట్లాడతారు. నా కాగితాలు మూసి పక్కన పెట్టి, “బీట్‌రూట్ తింటే మూత్రం ఇలా ఉండదు. అది నర్సువి నీకూ తెలుసు. ఏ మందు వాడుతున్నావు?” అన్నారు.

నేను గోడ వైపు చూశాను. నీ మాటలే చెవిలో ఉన్నాయి. టీబీ అంటే ఇంటికి, మత్తు అంటే జైలుకి. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే ఎవరైనా ఇల్లే ఎంచుకుంటారు అనుకున్నాను. కానీ నోరు తెరిచినప్పుడు అదంతా లెక్కలోకి రాలేదు. నాకు అలసట వచ్చేసింది, అన్నయ్యా, దాచి దాచి. “రిఫాంపిసిన్” అని ఆ ఎర్ర క్యాప్సూలు పేరు చెప్పాను. మెడ చూపించాను. మార్చి నుంచి జరిగింది మొత్తం చెప్పాను.

ఆవిడ అరచేత్తో నుదురు కొట్టుకున్నారు. “ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే!” అన్నారు. మా ఆసుపత్రిలో చేసినది పై పై పరీక్షేనట. మూత్రంలో నల్లమందు పోలికలున్నది ఏది తగిలినా ఉందనే చెప్తుంది, మనిషిని దూరం నుంచి నడక చూసి పోల్చుకున్నట్టు. కొన్ని మామూలు మందులు కూడా దాన్ని అలా మోసం చేస్తాయట. నా ఎర్ర క్యాప్సూలు వాటిలో ఒకటని ఈమధ్యే విదేశీ పత్రికల్లో చదివారట. పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసి మొహం మొహం చూసే పెద్ద పరీక్ష వేరే ఉందట. మిగిలిన నా మూత్రం అక్కడికి పంపించారు. జవాబు రావాలి.

“నువ్వు నిజం చెప్తున్నావని నాకు తెలుసు. అది కాగితం మీద రావాలి” అన్నారు వచ్చేటప్పుడు. తలుపు బయటకు వచ్చాక గోడ పట్టుకుని ఏడ్చాను.

అదే మాట నువ్వు అని ఉండొచ్చు.

గ్రేసుకు ఏం చెప్పావు? దాన్ని ఎవరైనా ఏమైనా అన్నారా? అది రాయి, మిగతాదేమీ రాయకపోయినా సరే.

రెబెకా


అంబాజీపేట,
26 ఆగస్టు 2002

రెబెకాకు,

నన్ను ఏ పేరుతో పిలిచినా సరే. గ్రేసు సంగతి ముందు.

దానికి మేము ఏమీ చెప్పలేదు. బళ్లో ఎవరో పిల్ల ‘మీ అమ్మ మందు కొడుతుందంట కదా’ అందట. ఇంటికి వచ్చి సంచి విసిరి, “మామయ్యా, మందులు అమ్మేది నువ్వు కదా, మరి అమ్మనంటారేంటి?” అని అడిగింది. రాహేలే దాన్ని దగ్గరకు తీసుకుని, మీ అమ్మ జబ్బుకు మందు వేసుకుంటోంది, తెలియనివాళ్లు తప్పుగా అనుకున్నారు అని చెప్పింది. అప్పటికి నీ ఉత్తరం ఇంకా రాలేదు. ఏ కాగితమూ లేకుండానే అది చెప్పింది.

పాస్టరుగారికి నేను పేరు చెప్పకుండా ప్రార్థించమని అడిగాను. ఆయన చెప్పేశారు. కానీ ఆ రోజు లేచి ‘అది నిజం కాదండి’ అనే అవకాశం నాకు ఉండింది, అనలేదు. ఆమేన్ అన్నాను. అప్పటికి నేను నమ్మాను, రెబెకా. ఇంతకన్నా ఏం రాయను.

నీ ఉత్తరం శనివారం వచ్చింది. నిన్న ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళకు లేచాను. పాస్టరుగారు ఏదో స్తోత్రం చెప్తాననుకుని చిరునవ్వుతో మైకు ఇచ్చారు.

“నెల కిందట మా చెల్లి గురించి మీరంతా ప్రార్థన చేసేరండి. మా చెల్లికి ఏ మత్తూ లేదండి. దానికి మెడలో టీబీ గడ్డ వస్తే మందు వాడుతోంది. ఆ మందు వల్ల పరీక్ష తప్పు చెప్పింది. అది దాయమన్నవాణ్ణి నేను. అది నిజం చెప్తే నమ్మనివాణ్ణీ నేనేనండి” అన్నాను.

మైకు తిరిగి ఇచ్చేశాను. కూర్చున్నాను. నిజం చెప్తే తేలికవుతుందని ప్రసంగాల్లో వింటాం. నాకు తేలిక కాలేదు. నీ జబ్బును కూడా నీ అనుమతి లేకుండా ఊరికి చెప్పేశానే అని ఇంటికి వచ్చాక తోచింది. ఒక తప్పు దిద్దబోయి రెండోది చేశానేమో, నువ్వే చెప్పాలి.

ఆరాధన అయ్యాక కొందరు వచ్చి చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరు ముగ్గురు తల్లులు మాత్రం పిల్లల్ని గ్రేసు పక్క నుంచి లేపి తీసుకెళ్లారు. రాహేలు చూసింది. గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడి, “ఏవండీ, అది గడ్డకి వచ్చే రకవండి, ఒకళ్ల నుంచి ఒకళ్లకి రాదు. నమ్మకం లేపోతే రేపు అమలాపురం డాక్టరుగారి దగ్గరికి నేను తీసుకెళ్తాను, ఎవరొస్తారో సెప్పండి” అంది. ఒకావిడ నిజంగానే వస్తానంది. ఇవాళ ఇద్దరూ బస్సెక్కి వెళ్లారు. వాళ్లు తిరిగి రాకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కాశీవిశ్వనాథం గారికి విశాఖ నుంచి జవాబు వచ్చింది. మీ సూడాన్ డాక్టరమ్మ చెప్పిందే వాళ్లూ రాశారు. “నేను తెలీదు అని చెప్పాల్సింది, లేదు అని చెప్పేశానండి” అని ఆయన షాపుకు వచ్చి మరీ బాధపడ్డారు. నేను ఆయన్ను ఏమంటాను?

మాత్రలు మానలేదు కదా? ఇంత గొడవలోనూ అదే భయం నాకు.

ఆనందరావు


మస్కట్,
12 సెప్టెంబరు 2002

అన్నయ్యా,

పెద్ద పరీక్ష జవాబు వచ్చింది. మార్ఫిన్ లేదు, ఆ జాతిది ఏదీ లేదు. డాక్టరమ్మ స్వయంగా హాస్టలుకు వచ్చి చెప్పారు. చెప్పి, నా మెడ తడిమి చూసి, మందు పనిచేస్తోంది అన్నారు. మాత్ర ఒక్క పూట కూడా మానలేదు నేను.

తగ్గిన సీసాల సంగతి కూడా తేలింది. పై అంతస్తు వార్డులో హఠాత్తుగా అవసరమై ఎవరో మా బీరువా నుంచి తీసుకెళ్లారట, తిరిగి పెట్టడం మరిచారట. అంతే. దొంగ ఎవరూ లేరు. రెండు నెలలు నేను దొంగనై ఉన్నాను.

మేట్రన్ పిలిచి ఈసారి కూర్చోబెట్టారు. క్షమించమని కూడా అన్నారు. తరవాత ఇంకో కాగితం ఇచ్చారు. మత్తు నేరం ఏమీ లేదు, కానీ జబ్బు దాచి పనిలో చేరాను కాబట్టి ఒప్పందం రద్దు. మంచి ప్రవర్తన అని రాసి ఇస్తారట. నేను వాదించలేదు. దాచడం నిజమే కదా. నర్సునై ఉండి ల్యాబులో అబద్ధం ఆడాను, దాని వెల ఇది. మందు పేరు మొదటి రోజే చెప్పి ఉంటే రెండో పరీక్షతోనే పోయేది. టీబీ అన్న మాటకు నువ్వూ నేనూ ఇద్దరం జైలుకన్నా ఎక్కువ భయపడ్డాం, అందుకే ఇంత దూరం వచ్చింది.

నా జబ్బు సంగతి సంఘంలో చెప్పినందుకు నాకు కోపం లేదు. ఆ మాట ఎవరో ఒకరు పైకి అనాలి. కానీ నువ్వు అడిగిన ఇంకో మాట ఉంది, నేరుగా అడగలేదు గానీ ఉత్తరమంతా అదే ఉంది. దానికి జవాబు ఇప్పుడు నా దగ్గర లేదు. నువ్వు నన్ను ఎత్తుకుని కాలవ దాటించినవాడివి. ఆయన పోయినప్పుడు నన్నూ బిడ్డనూ ఇంట్లో పెట్టుకున్నవాడివి. అవేవీ నేను మరిచిపోలేదు. అయినా ఒక యంత్రం నా గురించి ఒక మాట అంటే, ముప్పై మూడేళ్లు చూసిన నన్ను పక్కన పెట్టి దాన్ని నమ్మావు. ఇది మానడానికి ఎర్ర క్యాప్సూలుకు పట్టినంత కాలమైనా పడుతుంది. ఎక్కువే పట్టొచ్చు. క్షమించానని రాసెయ్యడం సులువే, రాస్తే నువ్వు నమ్ముతావు కూడా. అబద్ధాలు చాలనిపించి రాయడం లేదు.

ఇరవై ఆరున బయలుదేరుతున్నాను. హైదరాబాదు నుంచి రాత్రి బస్సులో ఇరవై ఎనిమిది పొద్దున్న రావులపాలెంలో దిగుతాను. కాకినాడలో ఒక ఆసుపత్రిలో నాతో చదివిన సువర్ణ ఉంది, అక్కడ పని చూస్తానంది. ఈసారి చేరేటప్పుడు జబ్బు సంగతి ముందే చెప్పమన్నాను, చెప్పిందట. మందు కోర్సు పూర్తయ్యాక రమ్మన్నారట. పని కుదిరాక గ్రేసును నా దగ్గరకు తెచ్చుకుంటాను. వదినకు ఈ మాట నేనే చెప్తాను, నువ్వు చెప్పకు. పిల్లను ఇన్నాళ్లు పెంచిన మనిషికి అది ఉత్తరంలోనో నీ నోటి వెంటో తెలియకూడదు. నా మీద నమ్మకానికి ఏ కాగితమూ అడగనిది మన ఇంట్లో ఆమె ఒక్కతే.

బస్టాండుకు గ్రేసును తీసుకురాకు. వదిననూ వద్దను. నువ్వొక్కడివే రా. అంబాజీపేట దాకా ఆటోలో మనిద్దరమే వద్దాం. నేను నిన్ను కొన్ని మాటలు అనాలి, నువ్వు వినాలి. ఇల్లు చేరాక అనలేను. అక్కడ నా కూతురు గుమ్మంలో నిలబడి ఉంటుంది.

నీ చెల్లెలు,
రెబెకా